చీకట్లో తలలెక్క: దేవాంగపిల్లుల గణన చరిత్ర



జనాభా లెక్కలు అనగానే మనకు ఏం గుర్తుకొస్తుంది? చంకన పుస్తకాల సంచితో ఇంటింటికీ తిరిగే బడిపంతులు గుర్తుకొస్తాడు. ఇంట్లో ఎంతమంది, ఎవరి వయసెంత, ఎవరేం చదివారు అని అడిగి రాసుకుంటాడు. ఇది పగటి పని. కానీ పూర్వం ఇలా ఉండేది కాదు. 1881 ఫిబ్రవరి 17న ఈ దేశంలో జనాభా లెక్క తీసింది రాత్రిపూట. ఎవరు ఎక్కడ పడుకుంటే అక్కడే లెక్క. పగలైతే మనుషులు పొలానికో సంతకో పోతారు. ఒకరిని రెండుచోట్ల రాసే ప్రమాదం, అసలే రాయకుండా పోయే ప్రమాదం రెండూ ఉన్నాయి. రాత్రయితే అందరూ ఏదో ఒక కప్పు కింద ఉంటారు. అందుకని ఒక్క రాత్రి లెక్క అనే ఈ పద్ధతిని 1931 దాకా నడిపించారు. 1941లో మానేశారు.

ఆ లెక్కల విలువ ఏమిటో బళ్లారి జిల్లాకు తెలిసినంతగా మరొక జిల్లాకు తెలియదేమో. 1876 మొదలు 1878 దాకా దక్షిణ దేశాన్ని పీల్చిపిప్పి చేసిన పెద్ద కరువు, ధాత నామ సంవత్సరంలో మొదలైన కరువు, బళ్లారి సీమను అన్నిటికన్నా ఎక్కువగా కొట్టిన ప్రాంతాల్లో ఒకటిగా చేసింది. 1871 లెక్కనూ 1881 లెక్కనూ పక్కపక్కన పెట్టి చూస్తే జిల్లాలో దాదాపు అయిదో వంతు జనం తగ్గిపోయారు. చచ్చినవాళ్లు, ఊళ్లు విడిచి పోయినవాళ్లు అందరూ ఆ తేడాలో ఉన్నారు. ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. 1871లో ఎవరూ లెక్క తీసి ఉండకపోతే 1881 నాటి అంకె ఒక్కటీ మనకేమీ చెప్పేది కాదు. ఎంత పోయిందో తెలియాలంటే ముందు ఎంత ఉందో తెలియాలి. మొదటి లెక్క లేనిచోట నష్టానికి సాక్ష్యం ఉండదు.

ఈనాటి ప్రసంగం మనుషుల గురించి కాదు. రాత్రి తప్ప బయటికి రాని, ఏ కప్పు కిందా పడుకోని, అడిగినా జవాబు చెప్పని ఒక చిన్న ప్రాణి గురించి. దాన్ని తెలుగులో దేవాంగపిల్లి అంటాం. ఇక్కడ మన ఇరుగుపొరుగు కన్నడంలో కాడుపాప అంటారు, అంటే అడవి పసిపాప. తమిళులు తేవాంగు అంటారు. పేరులో పిల్లి ఉన్నా అది పిల్లి జాతి కాదు. కోతులకూ మనకూ దూరపు చుట్టం. శాస్త్రజ్ఞులు ప్రైమేట్లు అని పిలిచే వర్గంలోది. మన దక్షిణాది మెట్ట ప్రాంతాల్లోది పావుకిలో అటూఇటూ తూగుతుంది. తోక లేదు. కాళ్లూ చేతులూ పుల్లల్లా సన్నగా, ముఖంలో సగం కళ్లే అన్నట్టు ఉంటాయి. పగలంతా ముళ్లపొదలోనో చిక్కటి కొమ్మల నడుమనో ముడుచుకుని నిద్రపోతుంది. చీకటిపడ్డాక మెల్లగా కొమ్మమీద కొమ్మ పట్టుకుంటూ పురుగులనూ చీమలనూ ఏరుకుతింటుంది. దూకదు. చప్పుడు చేయదు. మనిషి అలికిడైతే కదలకుండా బిగుసుకుపోతుంది. మరి ఇలాంటి దానికి తలలెక్క ఎలా?

ముందు దాని కథ కాగితం మీదికి ఎలా వచ్చిందో చూద్దాం. 1758లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ దీన్ని తన జంతువుల పట్టికలో చేర్చాడు. నెల్లూరులో కంపెనీ వైద్యుడిగా పనిచేసిన జెర్డన్ 1867లో భారతదేశపు క్షీరదాల మీద ఒక పుస్తకం వేశాడు. ఆయన తరవాత 1884లో స్టెర్న్‌డేల్ మరో పుస్తకం రాశాడు. ఆ పుస్తకాల్లో దీని తెలుగు పేరు దేవాంచిపిల్లి అన్నట్టుగా ఇంగ్లీషు లిపిలో నమోదైంది. దానితోపాటు ఇంకొక సంగతి కూడా నమోదైంది. ఈ ప్రాణిని పట్టి మద్రాసు బజారుకు తెచ్చేవారట; దీని కళ్లు కంటిజబ్బులకు మందని నాటువైద్యులు కొనేవారట. పెద్ద కళ్లున్న జంతువు కళ్లు మన కళ్లకు మేలు చేస్తాయన్న ఊహ తప్ప ఆ వైద్యానికి ఇంకో ఆధారం లేదు. ఆ ఊహ ఖరీదు ఎన్ని ప్రాణాలో ఎవరూ లెక్కపెట్టలేదు. 1908లో కాబ్రేరా అనే స్పెయిన్ శాస్త్రజ్ఞుడు మన మెట్టసీమల దేవాంగపిల్లికి ప్రత్యేకంగా శాస్త్రీయ నామం పెట్టాడు. మైసూరు దేవాంగపిల్లి అని వ్యవహరించేది దీన్నే. పడమటి కనుమల వాన అడవుల్లో ఉండేది దీనికి దగ్గరి చుట్టమైన మలబారు రకం.

ఇలా పేరు పెట్టడం, రంగు రాయడం, పుర్రె కొలవడం నూటయాభై ఏళ్లకు పైగా సాగాయి. ఎన్ని ఉన్నాయన్న ప్రశ్న మాత్రం ఎవరూ వేయలేదు. కారణం ఉపేక్ష ఒక్కటే కాదు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే ఉపాయమే అప్పటికి లేదు.

కంటికి కనబడని వాటిని లెక్కపెట్టే ఉపాయం అడవిలో పుట్టలేదు. మొదట అది మనుషుల లెక్కలోనే పుట్టింది. 1802లో ఫ్రాన్సు గణితవేత్త లాప్లాస్ తన దేశ జనాభా కట్టాలనుకున్నాడు. ఇంటింటికీ తిరిగే వీలు లేదు. కానీ పుట్టుకల చిట్టాలు దేశమంతా ఉన్నాయి. కొన్ని ఊళ్లలో మాత్రం జనాన్ని సరిగ్గా లెక్కించి, అక్కడ ఒక పుట్టుకకు ఎంతమంది జనం ఉన్నారో చూశాడు. ఆ నిష్పత్తితో దేశంలోని మొత్తం పుట్టుకలను గుణించి జనాభా కట్టాడు. అంటే తెలిసిన కొంతను పట్టుకుని తెలియని మొత్తాన్ని అంచనా కట్టాడు.

1896లో డెన్మార్కులో పీటర్సన్ అనే చేపల శాస్త్రజ్ఞుడు ఇదే తర్కాన్ని నీళ్లలోకి దించాడు. 1930లో అమెరికాలో లింకన్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు బాతుల లెక్కకు వాడాడు. దీన్ని మన చెరువు భాషలో చెప్పుకుందాం. ఊరిచెరువులో వలవేసి 20 చేపలు పట్టాం. ఒక్కొక్కదానికి గుర్తుపెట్టి మళ్లీ నీళ్లలో వదిలేశాం. నాలుగురోజుల తర్వాత మళ్లీ వల వేస్తే ఇంకో 20 పడ్డాయి. అందులో మన గుర్తున్నవి 5. అంటే పడినవాటిలో నాలుగోవంతు మనవి. మనం గుర్తుపెట్టినవి 20. అవి చెరువులో నాలుగోవంతు అయితే మొత్తం 80. ఇంత తేలికైన లెక్క. కానీ దీనికి షరతులున్నాయి. మధ్యలో కొత్త చేపలు రాకూడదు, ఉన్నవి పోకూడదు. ఒకసారి పడ్డ చేప వలకు భయపడి తప్పించుకు తిరగకూడదు. గుర్తు చెరిగిపోకూడదు.

మడగాస్కరు దీవిలో ఎలుకంత ఉండే రాత్రి ప్రైమేట్లు ఉన్నాయి. అరటిపండు ముక్క పెట్టిన చిన్న బోనులోకి అవి వస్తాయి. అందువల్ల అక్కడ ఈ గుర్తుపెట్టే పద్ధతి బాగా నడిచింది. మన దేవాంగపిల్లి రుచి వేరు. అది బతికిన పురుగును వెతుక్కుని తినే జంతువు. పండుముక్కకు ఆశపడి బోనెక్కడం అరుదు. దాన్ని పట్టాలంటే చెట్టెక్కి చేత్తో పట్టాలి. దానికి చట్టప్రకారం అనుమతి కావాలి. మెడకు చిన్న రేడియో పట్టీ కట్టి వెంబడించే పద్ధతి కూడా ఉంది. అది ఒక్కొక్క జంతువు ఎంత మేర తిరుగుతుందో చెబుతుంది గానీ ఒక జిల్లాలో ఎన్ని ఉన్నాయో చెప్పదు.

ఇక మిగిలింది నడక. రాత్రిపూట నడవడం, చూడడం, రాసుకోవడం. ఆఫ్రికాలోని గాబన్ అడవుల్లో 1960ల నుంచి ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు షార్ల్ దొమినిక్ రాత్రి ప్రైమేట్లను ఇలా తలదీపంతోనే వెతికి చదివాడు. ఈ పనికి ప్రకృతి ఒక సాయం చేసింది. దేవాంగపిల్లి కంటిలో నేత్రపటలం వెనుక అద్దంలాంటి పొర ఒకటుంది. లోపలికి వచ్చిన కొద్దిపాటి వెలుతురును అది తిరిగి కొడుతుంది. దానివల్ల ఆ ప్రాణికి చీకట్లో చూపు హెచ్చుతుంది. మన బ్యాటరీ వెలుగు పడినప్పుడు అదే పొర ఆ కళ్లను రెండు నిప్పుకణికల్లా మెరిపిస్తుంది. అది తనకు కనబడడానికి పెట్టుకున్న అద్దమే మనకు దాన్ని చూపిస్తుంది.

అయితే మెరిసేదల్లా దేవాంగపిల్లి కాదు. పునుగుపిల్లి కన్ను మెరుస్తుంది, గొర్రె కన్ను మెరుస్తుంది, దారిమీద కూర్చున్న పైడికంటి పిట్ట కన్ను మెరుస్తుంది, చివరికి సాలీడు కన్ను కూడా మెరుస్తుంది. రెండు కళ్లూ దగ్గరదగ్గరగా, నారింజ రంగులో, నేరుగా మనవైపే చూస్తూ, చెట్టుమీద మెల్లగా కదులుతూ ఉంటే అప్పుడు దేవాంగపిల్లి అని అనుమానించి దుర్బిణీతో నిర్ధారించుకోవాలి. తెల్లటి వెలుగు ఎక్కువసేపు కొడితే ఆ ప్రాణికి ఇబ్బంది. అందుకని దీపానికి ఎర్రకాగితం చుట్టుకుంటారు. నడక కూడా పొలంగట్టుమీద ఇంటికి పోయే నడక కాదు. గంటకు కిలోమీటరు, మహా అయితే కొంచెం ఎక్కువ. ఇద్దరు ఉంటారు. ఒకరు ఎడమవైపు, ఒకరు కుడివైపు చూస్తారు.

ఇలా నడిచి, కిలోమీటరుకు ఎన్ని కనిపించాయో రాస్తే దాన్ని తారసపడే రేటు అంటారు. ఒక తోపుకూ ఇంకో తోపుకూ పోల్చడానికి, ఈ ఏటికీ పై ఏటికీ పోల్చడానికి ఇది చాలు. కానీ ఇది జనాభా కాదు. ఈ తేడా మరిచిపోతే లెక్క తలకిందులవుతుంది. కళ్లు మూసుకున్నది, ఆకు చాటున ఉన్నది, అటు తిరిగి ఉన్నది మన లెక్కలో పడదు. మరి కనబడనివాటిని ఎలా చేర్చాలి?

దీనికి జవాబు వెతికినవాళ్లు పక్షులను లెక్కపెట్టేవాళ్లు. అమెరికాలో 1930లలో కింగ్ అనే ఆయన అడవికోళ్లను లెక్కిస్తూ, కనిపించిన ప్రతి పక్షీ ఎంత దూరంలో ఉందో రాసుకోవడం మొదలుపెట్టాడు. 1949లో హేన్ దాన్ని గణితంగా దిద్దాడు. 1993లో బక్లాండ్, ఆయన సహచరులు ఈ దూరాల పద్ధతి మీద పూర్తి గ్రంథం వెలువరించారు. కిటుకు ఇది. ఊహకోసం కొన్ని అంకెలు చెబుతాను. ఒక దారి వెంట నడిచాం. దారినుంచి అయిదు మీటర్ల లోపల 8 కనిపించాయి. అయిదు నుంచి పది మీటర్ల నడుమ 4. పది నుంచి పదిహేను నడుమ 2. పదిహేను నుంచి ఇరవై నడుమ 2. మొత్తం 16. ఇప్పుడు ఆలోచించండి. మనం ఆ దారిన నడుస్తామని దేవాంగపిల్లులకు ముందు తెలియదు కదా! అవి దారికి దగ్గర ఎక్కువగా, దూరాన తక్కువగా చేరవు. అన్ని పట్టీల్లోనూ సమానంగానే ఉండాలి. దగ్గరి పట్టీలో ఒక్కటీ మన కన్ను తప్పలేదనుకుంటే, ఒక్కొక్క పట్టీలో 8 చొప్పున నాలుగు పట్టీల్లో 32 ఉండాలి. చూసింది 16. అంటే సగం తప్పిపోయాయి. చూసినవి ఏ దూరాన ఎలా తగ్గిపోయాయో గమనిస్తే చూడనివి ఎన్నో బయటపడుతుంది. కనబడనిదాన్ని కనబడినదే పట్టిస్తుంది.

దీనికీ షరతులున్నాయి. దారిమీద ఉన్నవి తప్పకుండా కనబడాలి. మనల్ని చూసి అవి పారిపోకముందే దూరం కొలవాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది, నడిచే దారిని మన వీలునుబట్టి ఎంచుకోకూడదు. మన మెట్టసీమలో ఇది పెద్ద చిక్కు. రాత్రిపూట కంపలో నడవలేక బండిబాట వెంట నడుస్తాం. బండిబాటకు రెండువైపులా ముళ్లకంచె ఉంటుంది. ఆ కంచెలోనే పురుగులూ పొదలూ ఉంటాయి కాబట్టి దేవాంగపిల్లులూ అక్కడే చేరతాయి. కంచె వెంట కిలోమీటరుకు రెండు కనబడ్డాయని, ఆ లెక్కతో మొత్తం తాలూకాను గుణిస్తే ఏమవుతుంది? వేరుశనగ చేలలోనూ నల్లరేగడి పత్తిచేలలోనూ లేని జంతువులను కాగితం మీద పుట్టించినట్టవుతుంది. ఇల్లు అలకగానే పండుగ కాదు, అంకె రాగానే లెక్క కాదు.

కాగితం మీద జంతువులు పుట్టడం ఉత్త మాట కాదు. మన దేశంలో 1960ల నుంచి పులులను పాదముద్రలనుబట్టి లెక్కించేవారు. ఏటేటా అంకెలు వస్తూనే ఉన్నాయి. కానీ 2005లో రాజస్థానులోని సరిస్కాలో ఒక్క పులి కూడా మిగల్లేదని తేలింది. రికార్డులో పులులున్నాయి, అడవిలో లేవు. ఆ దెబ్బతో పాదముద్రల లెక్కను పక్కనబెట్టి కెమెరా బోనులు, నమూనా గణన ఉన్న కొత్త పద్ధతి తెచ్చారు. పులికి దేశమంతా కావలి ఉంది కాబట్టి ఆ తప్పు బయటపడింది. పావుకిలో ప్రాణి విషయంలో అలాంటి తప్పు జరిగితే అడిగేదెవరు?

మన దక్షిణాదిన దేవాంగపిల్లి లెక్కకు మంచికాలం 1990ల చివర వచ్చింది. మైసూరు విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య మేవా సింగ్, ఆయన సహచరులు తమిళనాడులోని దిండిగల్ ప్రాంతంలో రాత్రి నడకలు సాగించి 1999లో ఫలితాలు ప్రకటించారు. దిండిగల్ జిల్లాలోని అయ్యలూరులో సింధు రాధాకృష్ణ, అన్నా నెకారిస్ నెలల తరబడి రాత్రులు మేలుకుని ఈ జంతువు జీవితాన్ని చదివారు. పుస్తకాల్లో అది ఒంటరి జీవి అని రాసి ఉండేది. తీరా చూస్తే పగటి నిద్రకు కలిసి చేరుతుంది, కవలపిల్లలను కంటుంది, ఒకదాన్నొకటి పలకరించుకుంటుంది. ఆడది తిరిగే మేర సుమారు ఒకటిన్నర హెక్టార్లు, మగది తిరిగే మేర సుమారు మూడున్నర హెక్టార్లు అని కొలిచారు. అంటే ఒక రైతు చేనంత, రెండు చేలంత. అంత చిన్న మేరలో పుట్టి పెరిగే ప్రాణికి ఒక కంచె నరికితే ఇల్లూ వాకిలీ పోయినట్టే.

2000లో మేవా సింగ్ బృందం దక్షిణాంధ్ర జిల్లాల్లో ఈ జంతువు వ్యాప్తి గురించి ప్రకటించింది. 2006లో హెచ్. ఎన్. కుమార, ఆయన సహచరులు కర్ణాటక రాష్ట్రమంతటికీ అలాంటి సర్వే ప్రచురించారు. 2009లో ఈ నడకల్లో దొరికిన చోట్లను వానపాతం, ఎత్తు, వేడి వంటి వివరాలతో కలిపి కంప్యూటరు మీద పటం గీశారు. ఏ రకం నేలల్లో మైసూరు రకం ఉండే అవకాశముంది, ఏ నేలల్లో మలబారు రకం ఉండే అవకాశముంది అని అందులో చూపారు. గుర్తుంచుకోండి, అది ఉండే అవకాశాన్ని చూపే పటం. ఉనికిని తేల్చేది మళ్లీ కాలినడకే.

ఇక్కడ మన సరిహద్దు సంగతి వస్తుంది. 1953 అక్టోబరు 1న పాత బళ్లారి జిల్లా చీలింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలోకి పోయాయి; బళ్లారి, సండూరు వంటివి మైసూరు రాష్ట్రంలో చేరాయి. మన చుట్టాలు అటూ ఇటూ అయ్యారు. గుట్టలు, వంకలు, హగరి నది ఒడ్డున ఉన్న కంపపొదలు కూడా అటూ ఇటూ అయ్యాయి. సర్వేలు రాష్ట్రాలవారీగా జరుగుతాయి. ఒక పుస్తకంలో దేవాంగపిల్లి, ఇంకో పుస్తకంలో కాడుపాప. రెండు అటవీశాఖలు, రెండు దస్త్రాలు. చీకట్లో కొమ్మ పట్టుకుని పోయే ప్రాణికి రెవెన్యూ రాయి ఎక్కడుందో తెలియదు. అటువైపు ఊళ్లో అడిగే మనిషి తెలుగు పేరు చెప్పి అడిగితే కన్నడం మాట్లాడే రైతు లేదంటాడు. ఇటువైపు కన్నడం పేరు చెబితే తెలుగు కాపరి తెలియదంటాడు. ఒక పేరు పొరపాటువల్ల ఒక ఊరు లెక్కలోంచి జారిపోవచ్చు. రెండు భాషలూ వచ్చిన సరిహద్దు మనిషి విలువ ఇలాంటి చోట తెలుస్తుంది.

లేదు అన్న మాటకు ఉన్న బరువు కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మన సండూరు కొండల్లో ఇనుప ఖనిజం తవ్వకాలు ఎంత పెరిగాయో శ్రోతలకు నేను చెప్పనక్కరలేదు. 2011 జులైలో సుప్రీంకోర్టు బళ్లారి జిల్లాలో తవ్వకాలు ఆపించింది. ఆ తర్వాత షరతులతో అవి తిరిగి మొదలయ్యాయి. గనికైనా, రోడ్డుకైనా, గాలిమరలకైనా, సౌరఫలకాలకైనా ముందు ఆ చోట ఏయే జంతువులున్నాయో పట్టిక రాయాలి. పట్టిక రాసే మనిషి పగలు వచ్చి పగలే వెళ్లిపోతే రాత్రి జంతువు ఆ పట్టికలో ఎక్కదు. పట్టికలో లేనిదాని పక్షాన ఎవరూ వాదించరు.

రాత్రి వచ్చినా ఒక్క రాత్రి చాలదు. దీనికీ ఒక చిన్న లెక్క చెబుతాను. ఒక తోపులో దేవాంగపిల్లి ఉన్నదనుకుందాం. ఒక రాత్రి నడిస్తే అది కనబడే అవకాశం పదింట మూడు పాళ్లు అనుకుందాం. అంటే ఉండి కూడా తప్పిపోయే అవకాశం పదింట ఏడు. నాలుగు రాత్రులు నడిచినా నాలుగుసార్లూ తప్పిపోయే అవకాశం నూటికి 24 పాళ్లు. పది రాత్రులు నడిస్తే అది నూటికి 3 పాళ్లకు దిగుతుంది. కాబట్టి నాలుగు రాత్రుల తర్వాత మనం అనవలసిన మాట కనబడలేదు అని. పది రాత్రులు నడిచాక లేదేమో అనవచ్చు. ఈ రెండు మాటలకు నడుమనున్న తేడాను 2002లో మెకెంజీ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు గణితపద్ధతిగా తీర్చారు. ఒకేచోటికి పలుమార్లు వెళ్లి, ఏ రాత్రి కనబడింది, ఏ రాత్రి కనబడలేదు అని నిజాయితీగా రాస్తే, తప్పిపోయే అవకాశం ఎంతో ఆ రాతల్లోంచే తేలుతుంది. ఇందులో ఖరీదైన పరికరం లేదు. ఉన్నదల్లా ఓర్పు, ఏమీ కనబడని రాత్రిని కూడా పుస్తకంలో రాసే క్రమశిక్షణ. ఏమీ కనబడలేదని రాసిన పేజీ వృథా పేజీ కాదు. అది అడవి కాచిన వెన్నెల కాదు.

ఈ లెక్కల వల్ల ప్రయోజనం ఉందా అని అడిగేవారు ఉంటారు. ఉంది. దిండిగల్ ప్రాంతంలో జరిగిన పని వట్టి పోలేదు. 2022 అక్టోబరులో తమిళనాడు ప్రభుత్వం కరూరు, దిండిగల్ జిల్లాల్లో 11,806 హెక్టార్ల అడవిని కడవూరు దేవాంగపిల్లి అభయారణ్యంగా ప్రకటించింది. దేవాంగపిల్లి పేరున వెలసిన మొదటి అభయారణ్యం దేశంలో అదే. బెంగళూరులో 2014 నుంచి కాబేరి కర్ గుప్తా ఆధ్వర్యంలో నగరపు తోపుల్లో మామూలు పౌరులే రాత్రి నడకలకు పోయి దేవాంగపిల్లులను వెతికారు. అంత పెద్ద నగరం నడిబొడ్డున, భారతీయ విజ్ఞాన సంస్థ ఆవరణలోని చెట్లమీద కూడా అవి ఉన్నాయని వెలుగులోకి వచ్చింది. కొమ్మకు కొమ్మ తగిలే దారి ఉంటే బతుకుతాయి. ఆ దారి తెగితే నేలమీదికి దిగి బండ్ల కింద పడతాయి, లేదా కరెంటు తీగ పట్టుకుని చస్తాయి.

మన బీడుల్లో సర్కారు తుమ్మ ఎంత ఉందో అందరికీ తెలుసు. కన్నడంలో దానికి బళ్లారి జాలి అనే పేరే పడిపోయింది. పరదేశపు చెట్టు, నేలను ఆక్రమించే చెట్టు అని దాన్ని కొట్టివేయడం మంచిదే. కానీ కొట్టేముందు ఒక రాత్రి ఎర్రకాగితం చుట్టిన దీపంతో ఆ పొదల్లో చూడడం, కొట్టాక నాటుతుమ్మ, చింత, వేప వంటివి వరసగా పెంచడం దానికన్నా మంచిది. పొలం చుట్టూ ఉన్న ముళ్లకంచె తీసి ఇనుపతీగ వేసినప్పుడు మనకు అరగజం నేల కలిసివస్తుంది. పంట పురుగును తినే ఒక కాపలాదారు పోతాడు.

చట్టం సంగతి కూడా మనవి చేయాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో దేవాంగపిల్లి మొదటి షెడ్యూలులో ఉంది. పులికి ఎంత రక్షణో దీనికీ అంతే. పట్టడం, పెంచడం, అమ్మడం, మందుకనో క్షుద్రపూజకనో చంపడం నేరం; మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలుశిక్ష ఉంటుంది. లెక్కపెట్టాలనే ఉత్సాహంతోనైనా చెట్టెక్కి పట్టకూడదు. చూడడం, చోటు, తేదీ, వేళ, దారినుంచి ఎంత దూరం, ఏ చెట్టు అన్నవి రాసుకోవడం, అటవీశాఖకు తెలపడం, అంతవరకే మన పని. రాత్రిపూట గొర్రెలమందకు కాపలా పడుకునే కాపరికి, అర్ధరాత్రి మోటారు వేయడానికి చేనికి పోయే రైతుకు ఏ విశ్వవిద్యాలయానికీ లేని వసతి ఉంది. ఆయన ఏటా ముప్పై రాత్రులు ఒకేచోట ఉంటాడు. ఆ ముప్పై రాత్రులూ ఒక పుస్తకంలోకి ఎక్కితే అది సర్వే.

1871లో ఎవరో పేరు తెలియని కరణాలు, బడిపంతుళ్లు ఈ జిల్లా ఊళ్లలో తలలు లెక్కపెట్టి రాశారు. అయిదేళ్లలో కరువు వస్తుందని వారికి తెలియదు. వాళ్లు రాసిపెట్టడం వల్లనే కరువు మింగినది ఎంతో చరిత్రకు తెలిసింది. దేవాంగపిల్లి విషయంలో మన పల్లెల్లో ఆ మొదటి లెక్క రాయవలసిన తరం మనదే. తర్వాత వచ్చేవారు తేడా కట్టుకోవాలంటే వారికి పక్కన పెట్టుకోవడానికి ఒక అంకె కావాలి.